రుమాలు కింద కొంగ

ధర్మాబాద్ మిర్చి యార్డుల ఏప్రిల్.
తుమ్ము ఆపుకునుడే సగం నౌకరి.
కాంటా కాడ నేను,
కుడిచేతిల చిట్టీల కట్ట, ఎడమచేతిల ఫోను,
ఫోనుల ఇంకో యార్డు.
దానికి ఘాటు లేదు, గోనెసంచి లేదు, హమాలీ లేడు.
కార్డులున్నయి, ధరలున్నయి,
రాత్రి రెండింటికి గూడ మూతపడని హర్రాజు.

"భావ్ కాయ్?" అంటడు పర్భణీ నుంచొచ్చిన సేఠు,
మరాఠీల ధరెంతని అడుగుడు.
మా చెవికి మాత్రం కాయే వినవడ్తది.
కాయకు భావముంటదా అని
చిన్నప్పుడు మూతి మూసుకొని నవ్వేటోళ్లం.

కొత్త కార్డుల మూట శుక్రవారం దిగింది.
మొదటిరోజు ధర చూడొద్దు,
అది ధర కాదు, జాతరల బుగ్గ కోసం పోరడు చేసే మారాం.
మూడో వారం దాక చేతులు కట్టుకొని కూసోవాలె.
అప్పటికి అందరు మూటలు విప్పుతరు,
పనికొచ్చేదొకటి ఏరుకొని
మిగిలిందంత తాలుకాయ లెక్క కుప్పవోస్తరు.
ఆ కుప్పల చెయ్యి వెట్టాలె.

వెట్టిన.
బూడిద కొంగ. నాలుగు నాణేలు.
దాడి రెండు, ప్రాణం అయిదు.
నీళ్లల్ల ఒంటికాలి మీద నిలవడ్తది,
ఎదుటోడు కొట్టేదాక కదలది.
ఎవలికి గావాలె కదలని కొంగ?
నలభై కొన్న.

దలాల్ ముత్తెన్న రోజూ అడుగుతడు:
"రుక్కుం, నీ పిట్ట రేటెంత?"
ముప్పై ఏండ్లు ఎర్ర రుమాలు కింద
చెయ్యి చేతిల వెట్టి, వేళ్లతోనే బేరం తెంపిన మనిషి.
నోటితోటి ధర చెప్పుడంటే
నడిబజార్ల అంగి ఇప్పుడే అనేటోడు.
హర్రాజు కంప్యూటర్ల వడ్డంక
ఆ రుమాలు చెమట తుడుచుకునుడుకే.
నా కోసం మళ్ల పరుస్తడు.
కింద నాలుగు వేళ్లు అందిస్త.
చాన రోజులు నాలుగే.

ఒకనాడు, ఎవడో, ఏ దేశపోడో
పెద్ద పందెంల అదే కొంగను నిలవెట్టి గెలిచిండు.
పొద్దున పదకొండు.
బువ్వ యాళ్లకు పందొమ్మిది.
కాంటా బందయ్యేసరికి ముప్పై ఒకటి.
గీత నిట్టనిలువుగ లేచింది,
బాసర కాడ గోదారిల దిగిన వంతెన కంబం లెక్క.

రుమాలు కింద చెప్పిన.
ముత్తెన్న నా వేళ్లను సగానికి మడిచిండు.
సగం అమ్మమని.
ఎందుకని అడగలె.
ఆయన ఆపుకున్న అరవై సంచులు
కోల్డ్ స్టోరేజీల రంగు దిగిన సంగతి
యార్డుల కుక్కలకు గూడ ఎరుకే.

ఇరవై అమ్మిన.
తెల్లారి యాభై రెండు.
అమ్మినోని కడుపుల మంటకు మిర్చి అక్కర్లేదు.
రెండు రోజులు ముత్తెన్నకు మొకం సూపియ్యలె,
చాయ్ గూడ యార్డు బయటనే తాగిన.

మంగళారం కంపెనీ పండుగ బక్షీసు ప్రకటించింది:
ఆట తెరిచినోళ్లందరికి ఒక కొంగ ఉత్తగనే.
ఇరవై. ఆరు. ఒకటి.
అటెన్క కొనేటోడే లేడు.
లెక్కల లాభమే, నాలుగొందల అరవై.
మిగిలిన ఇరవై
నా ఫోనుల ఒంటికాలి మీద నిలవడి ఉన్నయి.

నిన్న నడిమధ్యాన్నం కరెంటు వోయింది.
కాంటా మీద ఎర్రంకెలు ఆరిపోయినయి.
హమాలీలు సంచుల మీదనే ఒరిగిండ్రు.
ముత్తెన్న రుమాలు పరిచిండు.
పిడికిలి ఇచ్చిన. సున్న.
ఒక్కొక్క వేలే తెరిచిండు ముసలోడు,
ముందు అయిదు పట్టుకుండు, ఇడిచిండు,
మళ్ల నాలుగు.
తొమ్మిది.

"కాకా, నీ డబ్బా ఫోన్ల అది కూసోదు."
"నీ గోదాంలనే ఉండనియ్.
కిరాయి మాత్రం అడగకు."

బేరం రుమాలు కింద తెగినంక తిరుగులేదు.
చిట్టీ రాసిన:
సరుకు, కొంగ. నగ, ఒకటి. ధర, తొమ్మిది.
తూకం కాడ ఏం రాయాల్నో తెల్వక
పెన్ను పట్టుకొని
కరెంటు కోసం చూస్కుంట కూసున్న.