పెన్సిల్ టైంటేబుల్

మజ్జి హైమవతి మూడు కాగితాలు ఇచ్చి వెళ్ళింది.
ఎడ్యుకేషన్ విభాగం. పీహెచ్‌డీకి కావాలట.
"పేరు రాయక్కర్లేదు సార్, టిక్కు పెడితే చాలు."

మీ శాఖాధిపతి మీ మాట వింటారా?
మీ ఉద్యోగం మీకు తృప్తిగా ఉందా?
ఒకటి నుంచి అయిదు దాకా
బీచికి దిగే మెట్లలా గళ్ళు.

కిటికీ తెరిచాను.
పెద్ద వాల్తేరు డాబాల మీదుగా ఉప్పుగాలి వచ్చి
కాగితాల్ని ఒకసారి తిరగేసి పోయింది.
ఈ గదిలో బీరువాకి తుప్పు, ఫ్యానుకి తుప్పు,
గుండుసూది గుచ్చిన చోటల్లా గోధుమరంగు మచ్చ.

అప్పలనరసమ్మగారు హెడ్‌గా ఉన్న రోజుల్లో
టైంటేబుల్ పెన్సిల్‌తో రాసేవారు.
పక్కనే దారానికి ఒక రబ్బరు వేలాడేది.
ఎవరికి అవసరమైతే వాళ్ళు చెరుపుకోవచ్చు,
చెరిపిన గంటని ఎక్కడ పెడతారో మాత్రం రాయాలి.
అంతే రూలు.
మా పాప డెంగ్యూతో కేజీహెచ్‌లో ఉన్న పదకొండు రోజులూ
నా ఎనిమిదింటి క్లాసు
అడగకుండానే ఆవిడ చేతిరాతలోకి మారింది.
"థాంక్సులెందుకు బావూ,
ఆ పాఠం నాకూ మర్చిపోకుండా ఉంటాది" అన్నారు.

హుద్‌హుద్ మర్నాడు
గాజుపెంకుల మధ్య కుచ్చిళ్ళు ఎగ్గట్టి
రాతి నమూనాలు ఒక్కొక్కటే తుడుస్తుంటే ఆవిడ,
మేమంతా చీపుళ్ళు వెతుక్కున్నాం.
సర్క్యులర్ ఏదీ రాలేదు.

తర్వాత వచ్చినాయన చెడ్డవాడు కాడు.
టైంటేబుల్‌కి లామినేషన్ చేయించాడు.
పదీ అయిదుకల్లా రిజిస్టరు బీరువాలోకి పోయేది.
శాఖకి గ్రేడు పెరిగింది, గోడలకి రంగు పడింది,
టీ వేళకి మాత్రం
ఎవరి ఫ్లాస్కు మూత వాళ్ళ గదిలోనే తిరిగేది.
పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీదున్న కింతలి సుశీల
మద్దిలపాలెంలో బస్సు దిగి పరుగెత్తి పరుగెత్తి
ఒకరోజు పరుగు మానేసింది.
నడిచే వచ్చింది. సంతకం లేకుండానే పాఠం చెప్పింది.
వరండాలో నించుని విన్నాను,
ఖోండలైట్ గురించి,
మన కాళ్ళ కింది కొండ ఎంత వేడిలో ఉడికి ఇలా అయిందో.
ఆ గంటకి ఏ గడిలో టిక్కు పెట్టాలి?

సరే, మొదటి ప్రశ్నకి పెన్ను ఆనించబోయి
ఆగిపోయాను.
జూన్ ఒకటి నుంచి వంతు నాది.
మూడు నెలలుగా హెడ్ అంటే నేనే.
ఈ కాగితాలు నాకు పొరపాటున వచ్చాయి.
వరండా పొడవునా
తలుపులు దగ్గరగా వేసుకుని
అందరూ నన్నే టిక్కు పెడుతుంటారు.
సుశీల పెన్ను ఎన్నో గడి దగ్గరుందో.

నోటీసు బోర్డు దాకా నడిచాను.
లామినేషన్ అలాగే ఉంది,
మార్చాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను.
మేకుకి పాత దారం. రబ్బరు లేదు,
ముడి ఉంది.

అటెండరు సింహాచలాన్ని పిలిచి
పెన్సిల్ కావాలన్నాను.
"పెన్సిలా సార్?"
స్టోర్సుకి ఇండెంట్ రాయాలట.
హెడ్ గారి సంతకం కావాలట.