సున్నా టికెట్

మధ్యాన్నం ఒకటీ నలభై, నల్లగొండ డిపో.
స్టీరింగు మీద తడిగుడ్డ చుట్టిండు మోయిన్ భాయ్.
బోనెట్ మీద మరిచిపోయిన టికెట్ల రోలు
నా చెయ్యి పడకముందే నల్లబడ్డది.
మిషన్ లేదు, మీట లేదు,
ఎండ తనకు తానే అచ్చు కొట్టుకున్నది
ఊరి పేరు లేకుండ, ధర లేకుండ.

రోహిణికి ఇంక పదిరోజులున్నది.
పగలడానికి ఇండ్లల్ల రోళ్లు యాడున్నయి,
మిక్సీలు కాలుతున్నయి గని.

మూడో సీటు, కిటికి పక్క. మంగ్తి.
కొండమల్లేపల్లి అవతల తండా, రేకుల రూము.
"పొద్దెక్కినంక ఇల్లు పెనమయితది బిడ్డా,
రొట్టె లెక్క అటు మర్ల, ఇటు మర్ల.
మాడకముందె బయటవడ్డ"
అని చెప్పింది మొదటి రోజు.
కోడలు చీకటితోని ఉపాధి పనికి పోయొచ్చి
మంచం మీద కాదు, మంచం కింద పండుతదట,
నులక మీద తడిచీర పరిచి.

"యాడికి?" అని అడుగుత. అడగాలె, డ్యూటీ.
వాళ్ల బాసల యాడి అంటే అమ్మ.
అమ్మా అని పిలిచినట్టే పలుకుతది, బోసినోటితోని.
"గాలి యాడిదాక ఉంటె ఆడిదాక కొట్టు."

మిషన్ల గాలి అనే స్టేజీ లేదు.
గుర్రంపోడు అని కొడుత. ఇంకోపారి కనగల్ అని.
మళ్ల దేవరకొండ.
కాగితం సర్రున వస్తది. ఆడోళ్లకు పైసల్లేవు, సున్నా.
సున్నాలన్ని మడిచి రొండిన దోపుకుంటది
ఎన్నడన్న లెక్క అప్పజెప్పాలన్నట్టు.

గాలంటే గాలేం కాదు, పొయ్యి ఊదే గొట్టం.
కని ఆమె లెక్క ఆమెకున్నది.
చలివేంద్రం కాడ తువ్వాల ముంచుతది, పిండదు.
కిటికికి అడ్డం పట్టుకుంటది రెండు కొసలు.
ఐదారు మైళ్లు చల్లగ, ఆ తర్వాత ఉత్త తువ్వాల.
పోయేటప్పుడు ఎడమ దిక్కు, వచ్చేటప్పుడు కుడి,
పొద్దుతోని దాగుడుమూతలాడే
డెబ్బయేండ్ల పోరి.

సోమవారం ఒక్కతే.
బుధవారానికి ఐదుగురు, ఐదు తువ్వాలలు,
ఒక బాలింత, ఆమె ఒళ్లె చెమటకాయల పసిగుడ్డు.
బస్సు బట్టలారేసిన దండెం.
ఎక్కినోళ్లు గింతమంది,
దిగినోళ్లు లేరేందమ్మా? అన్నడు డిపోల క్లర్కు.

నా బ్యాగుల చిల్లర కింద ఉల్లిగడ్డ ఉంటది,
వడదెబ్బ తాకదని మా అత్త పెట్టింది.
రూపాయి బిళ్లలన్ని ఉల్లి వాసన.
నాకు నమ్మకం లేదు.
తీసి పారెయ్యనూ లేదు.

శుక్రవారం మర్ల వస్తుంటె, గుర్రంపోడు దాటినంక
జీపు అడ్డం పెట్టిండ్రు.
చెకింగు సారు, అంగి మీద ఉప్పు గీతలు.
"టికెట్ చూపియ్యి అవ్వా."
కిటికి ఊచ సందుల పెట్టిందాన్ని తీసిచ్చింది.
ఊచ కాల్చిన సలాక. టికెట్ బొగ్గు.
ఎక్కిన ఊరు, దిగే ఊరు, తారీకు
ఎండ అన్నిటిని చదివి మింగేసింది.

"యాడికి పోతున్నది ఈమె?" నన్నడిగిండు.
స్టేజీల పేర్లన్ని నోటిదాక వచ్చి ఎండినయి.
అప్పుడె, గుర్రంపోడు హోటల్ తొట్టిల ముంచిన తువ్వాల
గాలికి లేచి ఆయన మెడకు తాకింది.

ఆగిండు.
మెడ మీద చెయ్యేసుకున్నడు, తడి చూసుకున్నడు.
నల్ల కాగితం మడిచి ఆమెకే ఇచ్చిండు.
మంగ్తి జరిగింది, జానెడు.

కనగల్ల దిగాల్సిన సారు.
కనగల్ వచ్చింది. వెనక జీపు హారన్ కొట్టింది,
రెండుసార్లు.
మోయిన్ భాయ్ అద్దంల చూసి
గేరు మార్చిండు.