బోరింగ్

రాజాంలో, పాలకొండ రోడ్డు మీద,
టైర్ల షాపు పైన రేకుల గది.
సాయంత్రం ఆరున్నరకి నా క్లాసు.
కింద ట్యూబుల్లోంచి గాలి పోతున్న చప్పుడు,
పైన నోళ్లలోంచి ఇంగ్లీషు వస్తున్న చప్పుడు,
రెండూ ఇంచుమించు ఒకటే.

ఆ రోజు విశేషణం వంతు.
బోర్డు మీద బోర్డ్ అని రాస్తే
వెనక బెంచీ నవ్వింది.
నవ్వండి గానీ గుర్తుపెట్టుకోండన్నాను.
విసుగు పుట్టించేది బోరింగ్.
విసుగు పుట్టినవాడు బోర్డ్.
పెట్టేవాడికి ఒక తోక, పడేవాడికి ఒక తోక.
ఐ యామ్ బోరింగ్ అన్నారో
మిమ్మల్ని మీరే తిట్టుకున్నట్టు.

ఇరవై రెండేళ్లుగా ఇదే మాట,
ఇదే చోట ఆగి, ఇదే చోట దగ్గి.

సొంత వాక్యాలు రాయమన్నాను.
మందుల షాపు సుగుణకుమారి
సండే ఈజ్ బోరింగ్ అని రాసింది. టిక్కు.
జూట్ మిల్లు పని పోయిన గౌరినాయుడు
సిన్స్ మే ఐ యామ్ బోర్డ్ అన్నాడు.
కాలం తప్పింది. దిద్దాను.
అతని కాలం కాదు, వాక్యానిది.

చివరికి తవిటయ్య పుస్తకం.
వేళ్ల గ్రీజు పేజీ అంచుకి పాకింది.
బండ బండ అక్షరాలు:
ఐ యామ్ బోరింగ్.
మై బ్రదర్ ఈజ్ ఆల్సో బోరింగ్.
టుడే వియ్ ఆర్ బోరింగ్ ఎట్ బొద్దాం.
మూడింటికీ మూడు ఎర్ర గీతలు.

"ఏటి సార్, కొట్టేసినారు?"

చెప్పాను. తోకలు, పెట్టేవాడు, పడేవాడు,
అంతా మళ్లీ మొదట్నించి.
రాయి తగిలినప్పుడు
బిట్టు మార్చేదాకా ఆగినట్టు
ఓపిగ్గా విన్నాడు.

"అది కాద్సార్.
నాను బోరు లారీ మీద పన్జేస్తన్నాను కదా.
తిరుచెంగోడు బండి.
ఓనరుకి తెలుగు రాదు, నాకు అరవం రాదు,
మజ్జిన ఇంగ్లీషొకటుందని ఇలగొచ్చినాను.
ఏటి జేస్తన్నావని అతను ఫోన్లో అడిగితే
నానేటి సెప్పాల మరి?
బోరే కదా ఏస్తన్నాను."

ఎవరూ నవ్వలేదు.
కింద ఎవడో ట్యూబుని నీళ్లలో ముంచి
బుడగల కోసం చూస్తున్నాడు.

మా వంగరలో వీధి చివర బోరింగు ఉండేది.
నాలుగు దెబ్బలు కొడితే నీరు.
దాని పిడికి వేలాడి
కాళ్లు నేల వదిలి పైకి లేచినవాణ్ణి నేను.
అది ఇంగ్లీషు మాటని తెలీదు,
ఇనుపదని మాత్రమే తెలుసు.
బొబ్బిలి కాలేజీలో ఎవరో ఆ మాటకి
విసుగని అర్థం చెప్పినప్పుడు
నాకు దాహం వేసింది.

ఎర్ర పెన్నుకి మూత పెట్టి అడిగాను:
బొద్దాంలో పడిందా నీరు?

"ఏడొందల అడుగులెల్నాం సార్.
తెల్లటి పొడుం. అంతే.
రైతేటీ అన్లేదు.
గుప్పిట్లోకి తీసి వాసన సూసినాడు,
పిండేమో అన్నట్టు.
ఆ సేన్లో ఇది నాలుగోదట."

పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు.
కింద ఇంకో వాక్యం చేర్చాడు,
ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ:
ది ల్యాండ్ ఈజ్ బోర్డ్.

"పడినోళ్లకి ఈ తోకన్నారు కదా?"

ఎర్ర గీతలు చెరగవు.
పక్కన టిక్కులు పెట్టాను,
మూడింటికీ, ఆ నాలుగోదానికీ.
నాలుగోదాని దగ్గర పెన్ను కాసేపాగింది.

సుగుణకుమారి ఆవలించింది,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
తనకే తోక వస్తుందో ఆమెకి తెలుసు.
నాకేది వస్తుందో నాకూ తెలుసు.

బోర్డు తుడిచాను.
తవిటయ్య మెట్లు దిగుతూ ఫోనెత్తాడు.
"ఎస్ సార్. టుమారో ఆల్సో బోరింగ్.
ఎస్ సార్. సేమ్ ల్యాండ్."