కాటా గుమాస్తా లెక్క

గిట్టిందా, గిట్టలేదా? ఒక్క మాటలో తేల్చమంటారు.
తణుకు రోడ్డు మీద టీ బడ్డీ దగ్గర
ఇప్పటికీ ఇద్దరు చేరితే ఆ బేరం గొడవే.
నన్ను పిలిచి బల్ల మీద చోటిస్తారు.
ముప్పై ఏళ్లు చెరుకు బళ్లు తూచినవాణ్ణి,
షిఫ్టు దిగాక
మిల్లు బాస్కెట్‌బాల్ జట్టుకి స్కోరు పుస్తకం రాసినవాణ్ణీ నేనే.

బండి నిండుగా కాటా ఎక్కుతుంది.
దింపుకొచ్చి ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది.
తేడా చెరుకు.
చెరుక్కంటిన కాలవగట్టు బురద కూడా
ఆ తేడాలోనే కూర్చుంటుంది,
మిల్లు దానికీ డబ్బిస్తుంది.

ఆ ఏడు మేం ఇచ్చింది నూకరాజుని.
ఐదడుగుల ఆరంగుళాలు.
వరిగట్టు మీద సైకిలు తొక్కినట్టు
మనుషుల మధ్య సందులో బంతి నడిపేవాడు.
పైన కొసరుగా
అత్తిలి కాలేజీలో రెండేళ్లపాటు తేలే కుర్రాళ్ల మీద మా మొదటి హక్కు.
పేర్లు లేని కుర్రాళ్లండీ.
సీడు వదలకముందే చెరువు పట్టుబడి అమ్మేసినట్టు.

తెచ్చుకున్నది రేవు జట్టు డేనియల్‌ని.
ఆరడుగుల ఎనిమిది.
క్వార్టర్స్‌లో మంచం చాలక
కాళ్ల వైపు టేకు బల్ల ఒకటి చేయించాం.
అదీ రాశాను: నూట నలభై రూపాయలు.

కప్పు వచ్చింది. ఒక్కటే.
ఆఖరి నిమిషంలో రింగు అంచున ఊగుతున్న బంతిని
అటక మీది జాడీ దింపినంత నిదానంగా అందుకుని
లోపల వేశాడు.
మేనేజరు గారు నా భుజం తట్టి
‘‘గిట్టిందయ్యా’’ అన్నారు.

మరుసటేడు ముసురు పట్టినప్పుడు
పాకుడు కోర్టు మీద అతని మోకాలు పోయింది.
ఆ పై ఏడు రేవు జట్టులో సన్నటి కుర్రాడొకడు దిగి
మా మీద ముప్పై నాలుగు కొట్టాడు.
ఎవడ్రా అంటే, అత్తిలివాడే, దొరబాబు.
మేం సంతకం పెట్టిన రోజున
ఇంటరు తప్పి కోడిగుడ్ల లారీ మీద తిరుగుతున్నాడట.
మేనేజరు గారు ఆ సాయంత్రం
నా భుజం జోలికి రాలేదు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే.
వాళ్లు వేళ్లు మడిచి లెక్కేసేదీ ఇంతే.

నేను చెప్పేది మొదటేడు సంగతి.
నూకరాజు రేవు జట్టు నీలం బనీనులో
మొదటిసారి మా కోర్టుకొచ్చాడు.
రెండో సగం. మా బుట్ట కింద.
ఎడమకి చూశాడు,
చూడకుండానే కుడి మూలకి విసిరాడు.
పదకొండేళ్లుగా ఆ మూల అబ్బులుంటాడు.
ఉన్నాడు కూడా.
మా పసుపు బనీనులో.

బంతి అబ్బులు చేతుల్లో పడింది.
బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి.
నూకరాజూ నవ్వాడు, సగం వరకు.
అబ్బులు కదల్లేదు.
పరిగెత్తరా అని కోచ్ అరుస్తున్నా
ఎవరో మర్చిపోయిన గొడుగు పట్టుకున్నట్టు
బంతి పట్టుకుని నిలబడ్డాడు.
పది సెకన్లు. విజిల్.
బంతి మళ్లీ వాళ్లదే.

పోగొట్టిన బంతులు అన్న గడిలో
నూకరాజు ఒకటి, అబ్బులు ఒకటి రాశాను.
తేడా సున్నా.
నిండు బండీ ఖాళీ బండీ ఒకే తూకం తూగడం
నా సర్వీసులో చూడలేదు.
కాటా చెడిందేమోనని
ఆ రాత్రి ఒక్కణ్ణే మిల్లుకెళ్లి
దాని మీద నిలబడి చూసుకున్నాను.

మిల్లు మూశారు. రింగులు పాత ఇనుముకి పోయాయి.
డేనియల్ వెళ్తూ వెళ్తూ
ఆ టేకు బల్ల నాకిచ్చేశాడు.
మా ఆవిడ దాని మీద ఊరగాయ జాడీలు పెడుతుంది.
నూట నలభై రూపాయలు, చెద పట్టలేదు.

అది మాత్రం గిట్టిందండి.
మిగతాది,
ఇంకో టీ చెప్పండి.