డి అనే ఒక్క అక్షరం

రాత్రి రెండు నలభై. నాంపల్లి.
ఆసుపత్రి రెండో అంతస్తులో
సర్వర్ గది హోరుకి చెవులు ఎప్పుడో అలవాటుపడ్డాయి.
పద్దెనిమిది వేల మూడొందల నాలుగో ప్రాసెస్
సాయంత్రం నుంచి కదలడం లేదు.

మొదట మర్యాదగానే చెప్పాను, ఇక చాలించమని.
ఆ తర్వాత తొమ్మిదో నంబరు.
దానికి ఎదురుండదని
కొలువులో చేరిన మొదటి వారమే నేర్పారు.
కొట్టాను. మళ్లీ కొట్టాను. పదకొండుసార్లు.
రూట్ నేనే, ఈ గదికి నవాబును నేనే,
అయినా తెర మీద అదే వరుస,
పక్కన డి అనే ఒక్క అక్షరం,
గడప మీద పడుకుని లేవని పిల్లిలా.

పైన జడ్ అక్షరంతో ఇంకో రెండున్నాయి.
వాటి గొడవ వేరు. అవి ఎప్పుడో పోయాయి.
కన్న ప్రాసెస్ వచ్చి
ఎట్లా పోయావని ఒక్కమాట అడగలేదు,
అందుకని పట్టికలో నంబరు మిగిలింది.
పోయినదాన్ని మళ్లీ ఎవరు చంపగలరు?
మార్చురీ రిజిస్టర్లోనూ అట్లాంటి వరుసలున్నాయి.
ఆ ఫైలు నేను తెరవను.

విఠల్‌రావు సారును నిద్ర లేపాను.
రిటైరై ఆరేళ్లు, కాచిగూడలో ఉంటాడు.
"మొండిది కాదు బిడ్డా అది. దానికి ఇనబడతలేదు.
లోపలికి పోయి డిస్కును ఏదో అడిగింది.
జవాబొచ్చేదాక చెవులు బయటనే ఇడిచిపోయింది,
దర్గా మెట్ల కాడ చెప్పులిడిచినట్టు.
నువ్వు పంపిన చీటీ ఆ చెప్పుల పక్కనే ఉంటది.
పదకొండుసార్లు పంపినా అక్కడుండేది ఒక్కటే చీటీ."

"మధ్యల గుంజేస్తే?"

"చేతిల సగం రాసిన కాయితం ఉంటది గద.
ఎవరి పేరు సగమైతదో ఎవరికెరుక."
ఆవలించి, "డిస్కును చూడు పో, దాన్నెందుకు తిడతవ్," అన్నాడు.

మెట్లు దిగుతుంటే ల్యాబ్ కిటికీ ముందు ఒకావిడ.
తమ్ముడి నెత్తురు రిపోర్టు కోసం ఏడింటి నుంచి.
గార్డు ఓబయ్య లాఠీతో నేల మీద తట్టి
"సిస్టం డౌన్, పొద్దున రా అమ్మా" అంటున్నాడు.
మూడోసారట.
ఆవిడ కిటికీ వైపే చూస్తోంది.

కింద, స్టోరేజీ పెట్టె ప్లగ్గు పీకి
ఎవరో ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు.
నీలం కవరు, వెనక చిన్నపిల్ల ఫొటో.
తిట్టబోయి, ఎవరూ లేక, ఊరుకున్నాను.
ప్లగ్గు మార్చాను. పెట్టె దగ్గింది, పచ్చ దీపం వెలిగింది.

పరుగున పైకొచ్చేసరికి ఆ వరుస లేదు.
జవాబు అందింది దానికి,
బయటికి వచ్చింది,
చెప్పుల పక్కన చీటీ చూసుకుంది.
నా చీటీ.
కొట్టకుండా ఓపిక పట్టి ఉంటే
అదే లేచి, వదిలిన చోట అందుకుని
పని ముగించేది. రిపోర్టు రాసేది.
నవాబుగిరీ అంటే ఇదే కాబోలు,
ఆలస్యంగా మాత్రం ఎంత చక్కగా అమలవుతుందో!

మళ్లీ మొదలుపెట్టాను. కొత్త నంబరు.
నలభై నిమిషాలు పడుతుందంది తెర.

కిందికి వెళ్లి
ఓబయ్యను లాఠీ పక్కన పెట్టమన్నాను.
ఆవిడ పక్క కుర్చీలో కూచున్నాను.
ఏం చెప్పాలో తోచలేదు.
"రాస్తోంది," అన్నాను.
ఆవిడ మొదటిసారి తల తిప్పింది.