సుద్దముక్క లెక్క

ఇల్లు అమ్మేశాం.
ఆదివారం మధ్యాహ్నానికి తాళాలు అప్పజెప్పాలి.
గిన్నెల పంపకం తేలిగ్గానే అయింది.
యోరిస్‌కి మూకుళ్ళు, నాకు కత్తులు అని నవ్వుకున్నాం కూడా.
షెడ్డులోని ఈ గోడ మాత్రం
ఎవరి వాటానో తేలలేదు.

ఇటుకల మీద నా సుద్ద అంకెలు,
ఏడాదికో వరస.
అన్నిటికన్నా పైన, బల్లెక్కి రాసింది,
తొమ్మిది వేల నాలుగొందల పన్నెండు కిలోమీటర్లు.
అప్పుడు నాకు ముప్ఫై ఒకటి.
శనివారాలు స్కెల్డ నది గట్టున ఆరుగురం ఆడవాళ్ళం
గాలికి ఒకరి చాటున ఒకరం.
ముందున్నది అలిసిపోతే మోచెయ్యి కదిపేది,
పక్కకి తప్పుకుని చివరిదాకా జారిపోయేది.
అందుకు ఎవరూ క్షమాపణ అడిగేవాళ్ళు కాదు.

కిందిది ఎనిమిది వేల చిల్లర.
ఆ కింద మూడు వేలే. ఫీన్ కడుపులో పడిన ఏడు.
ఐదో నెలదాకా తొక్కాను.
పొట్ట మోకాళ్ళకి అడ్డొచ్చిన రోజు
ఔడెనార్డె కూడలిలో, బీట్‌దుంపల లారీ పక్కన దిగి
ఇంటిదాకా నడిపించుకొచ్చాను,
గొడ్డుని తోలుకొచ్చినట్టు.

తరవాతి అంకెకి చీపురు ఆనిస్తే కనపడదు.
నాలుగొందల ఆరు.
పళ్ళొచ్చే పిల్లని భుజానేసుకుని
హాల్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి హాల్లోకీ
నడిచిన దూరం ఇందులో లేదు.
సుద్ద పట్టుకునే చెయ్యి ఖాళీ లేదు.

డయాలిసిస్ వార్డులో నాది రాత్రి డ్యూటీ.
మనుషుల్లోంచి రక్తం బయల్దేరి
యంత్రంలో ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఇల్లు చేరుతుంది.
మూడో మంచం ఒమేర్, ఒకప్పుడు పందెం పావురాలు పెంచిన మనిషి,
వచ్చినప్పుడల్లా అడిగేవాడు, ఈ వారం ఎన్ని?
డెబ్బై అన్నాను ఒకసారి.
నా ముంజేతులు తిప్పి చూశాడు.
ఎండ గీత ఏదమ్మా, అన్నాడు.

యోరిస్‌కీ నాకూ గొడవల్లేవు,
ఎదురుగాలిలో ఒకరి చాటుకొకరం చేరడం మరిచాం, అంతే
అని రాస్తే బాగుంటుంది.
గొడవలున్నాయి.
ఒకసారి పాలకని వెళ్ళి
నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చాను.
పాలు తేలేదు.

ఇవాళ శనివారం.
పెట్టెలన్నీ కట్టేశాక, ఇంకా తెల్లారకముందే
రాళ్ళు పరిచిన ఆ మిట్టకి వెళ్ళాను, ఒక్కసారికని.
వాన పడి ఆగింది.
సగంలో వెనక చక్రం జారింది, కాలు దింపేశాను.
నా వెనక కుర్రాళ్ళెవరో, ఎడమ, ఎడమ అని అరుస్తూ
దాటిపోయారు.
మిగతాది నడిచాను. బూట్ల అడుగు క్లిప్పులు
రాళ్ళ మీద టకటకమంటుంటే
పెళ్ళికి ఎత్తుమడమల చెప్పులతో వచ్చినదానిలా ఉన్నాను.
పైన గాలి మామూలుగానే ఉంది.

తిరిగొచ్చేసరికి ఫీన్ షెడ్డులో నుంచుని
గోడ చూస్తోంది, రాత్రి బట్టల్లోనే.
ఇవి నీ ఎత్తులా అమ్మా? అంది.
పై నుంచి కిందికి వేలితో చూపించి
ఏడాదికేడాది పొట్టైపోతున్నావా?

ఏం చెప్పాలో తోచక
గోడకి ఆనుకుని నుంచోమన్నాను.
నెత్తిన అట్ట పెట్టి గీత గీశాను.
నాలుగొందల ఆరు కన్నా కాస్త పైకే వచ్చింది.
కాళ్ళెత్తకు అన్నాను.
ఎత్తలేదంది. ఎత్తింది.

కొన్నవాళ్ళు వచ్చే వారం సున్నం వేయిస్తారట.
వేయించుకోనీ.

గెంట్‌లో మాది మూడో అంతస్తు.
లిఫ్టు ఇరుకు, సైకిల్ని వెనక చక్రం మీద నిలబెట్టాలి,
దాన్ని వాటేసుకుంటే గానీ తలుపు పడదు.
నిన్న కొలిచి చూశాను.
ఫీన్ పట్టదు. మెట్లమీదుగా పరిగెడతానంది,
మనలో ఎవరు ముందో చూద్దామంది.

తడిసిన బూట్లలో కుక్కడానికి
పాత పేపర్లు ఏ పెట్టెలో పడ్డాయో.