చుక్క

డిసెంబరులో మా ఊరికి పొద్దు పొడవదు.
ఐస్‌లాండ్ పడమటి కొసన, మూడు కొండల మధ్య ఇరుక్కున్న రేవు.
సూర్యుడు కొండ వెనక నుంచే నడిచిపోతుంటాడు
అప్పున్నవాడిలా, మొహం చాటేసి.
ఎనిమిదింటికి బడి గంట కొడితే
బయట ఇంకా రాత్రే.
మూడో బల్ల మీద హల్బెరా తల వాలుస్తుంది.

పదిహేనేళ్ళు.
నేనీ బడికి నర్సుని. నాకున్న సరంజామా
ఒక మంచం, ఒక తూకం, ఒక వేణ్ణీళ్ళ సంచి.
ఆ మంచం మీద ఈ శీతకాలం
ఆమె పడుకున్నంతగా ఎవరూ పడుకోలేదు.

"బద్ధకం" అన్నాడు లెక్కల మాస్టరు బౌర్దుర్, ఆవలిస్తూ.
"ఫోను" అంది వాళ్ళమ్మ,
చేపల ఫ్యాక్టరీ గ్లవుజులు విప్పకుండానే.
"చేపనూనె మానేసింది. రోజూ పది చుక్కలు మింగితే
ఈ పాటికి కొండెక్కేది" అంది నాయనమ్మ సిగుర్లీనా.
అందరూ తలా ఒక ముక్క నిజమే చెప్పారు.
ముక్కలన్నీ అతికించినా పిల్ల లేచి కూర్చోలేదు.

ఆ వయసులో నిద్ర ఆలస్యంగా వస్తుంది,
ఆఖరి బస్సులాగా.
ఆ సంగతి బడి గంటకి ఎవరూ చెప్పలేదు.
పైగా ఆరింటికే ఈత సాధన, తడి జుట్టుతో మంచులో నడక,
పొద్దున్న తిండి అంటే కోకో ఒక కప్పు.

మోచేతి మడతలోంచి రక్తం తీసి పంపాను.
ఒంట్లో ఇనుము అడుగంటిందని కాగితం వచ్చింది.
నెలనెలా ఎంత పోతోందో
ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.
అర్ధరాత్రి లేచి దుప్పటి ఉతుక్కోవడం
వాషింగ్ మెషీనుకి మాత్రమే తెలుసు.
డాక్టరు మాత్రలు రాసిచ్చింది.
నారింజ రసంతో వేసుకో అన్నాను,
పాలతో వద్దు, కాఫీ దగ్గరికి రానీకు,
నెలలు పడుతుంది, ఓపిక పట్టు.
తల ఊపింది. ఊపిన తల మళ్ళీ దిండు మీదికే.

నిద్ర సుఖమెరగదంటారు.
ఈ పిల్ల సుఖంగా నిద్రెరగదు.

ఒకరోజు అడగకూడని ప్రశ్న మానేసి
అడగాల్సింది అడిగాను:
"రాత్రంతా ఫోనులో ఏం చూస్తావు?"
చూపించింది.
నల్లటి సముద్రం పటం. దాని మీద ఆకుపచ్చ చుక్క.
వాళ్ళ నాన్న ఓర్ముర్ పడవ.
ఆరు నిమిషాలకొకసారి గోరంత జరుగుతుంది.
రెండేళ్ళ కింద ఒక రాత్రి
ఆ చుక్క నలభై నిమిషాలు ఆగిపోయింది.
ఇంజను చెడింది, బాగయింది, చేపలతో తిరిగొచ్చారు,
ఇంట్లో అందరూ మర్చిపోయారు.
ఆమె మాత్రం ఆ నలభై నిమిషాల్లోంచి ఇంకా ఒడ్డుకి రాలేదు.
"నేను కళ్ళు మూస్తే
అది ఆగిపోతుందేమో టీచర్."

దీనికి నా బీరువాలో మాత్ర లేదు.

ఫోను లాక్కోమని నేను చెప్పలేదు.
సిగుర్లీనాకి మోకాళ్ళ నొప్పులు, ఎలాగూ నిద్ర పట్టదు.
పదింటికి ఆమె చేతిలో ఫోను పెట్టి
హల్బెరా పడుకోవాలని ఒప్పందం.
ముసలామె భూతద్దం పట్టుకుని
వేగుచుక్క పొడిచేదాకా ఆకుపచ్చ చుక్కకి కాపలా.
మొదటి వారం పిల్ల మధ్యలో లేచి వచ్చి అడిగేది.
"జరిగిందా?"
"జరిగింది, పో."
రెండో వారం తలుపు దగ్గర నుంచే అడిగింది.
తర్వాత ఏమైందో తెలీదు,
సిగుర్లీనా నాకు చెప్పడం మానేసింది.
ఈతకి మాత్రం సాయంత్రాలు వెళ్తోంది.

జనవరి చివర్లో ఎండ కొండ కొమ్ము దాటి
మా వీధిలో కాసేపు నిలబడింది.
ఊరంతా పాన్‌కేకులు పోసుకుని,
కాఫీ కప్పులు పట్టుకుని బయటికొచ్చారు.
బౌర్దుర్ పిల్లల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు.
ఒకరు తక్కువ.

లేపబోయిన కోడలికి గడపలో అడ్డం నిలబడి
"సూర్యుడు రేపూ వస్తాడు" అందట నాయనమ్మ.

హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన
కారణం రాయాల్సిన గడి ఒకటుంటుంది.
జ్వరం, పంటినొప్పి, పెళ్ళి, ఇలాంటివి రాస్తాం.
నేను కలం తీసి
నిద్రపోతోంది అని రాశాను.